పరదేశంలో ఆంగ్లోపాధ్యాయుడు: తొలి సంవత్సరం నేర్పే పాఠాలు

"దూరపు కొండలు నునుపు" అన్నారు మన పెద్దలు. దగ్గరకు వెళ్ళిన తరువాతనే కొండ మీది రాళ్ళూ, ముళ్ళూ, ఎక్కవలసిన దారీ కంటబడతాయి. విదేశీ ఉద్యోగం విషయంలో ఈ సామెత ఎంతటి నిజమో, గల్ఫు దేశాలకు మనిషిని పంపిన ప్రతి కుటుంబానికీ తెలుసు. అయినప్పటికీ అక్కడి నుండి వచ్చే కబుర్లలో జీతం మాట వినిపించినంతగా తొలి సంవత్సరపు మాట వినిపించదు. వెళ్ళినవారు చెప్పుకోరు, వెళ్ళదలచినవారు అడగరు.

ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకొని, బోధనలో శిక్షణ పొంది, అరబ్బు దేశాలలో ఉపాధ్యాయ వృత్తిని చేపట్టాలన్న కోరిక మన విద్యార్థినీ విద్యార్థులలో అనేకులకు ఉన్నది. అది ఎంతమాత్రమూ తప్పు కోరిక కాదు. అయితే పరదేశంలో అడుగుపెట్టిన ఉపాధ్యాయుని జీవితం ఎలా ఉంటుంది? అతడు దేనికి అలవాటు పడాలి? ఏది అతనికి ఆసరా అవుతుంది? సౌదీ అరేబియాను ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ముందుగానే ఒక్క మాట మనవి చేస్తాను. పాఠం చెప్పడానికి వెళ్ళినవాడు తొలి ఏడాది పాఠం నేర్చుకొనేవాడుగా ఉండక తప్పదు. తాను ఒక పరభాషను కష్టపడి నేర్చుకొన్న సంగతి మరువనివానికి ఈ పని సులువవుతుంది. మరచినవానికి ఎంత జీతమూ సుఖమివ్వదు.

రెండు తీరాల పరిచయం

హైదరాబాదుకూ అరబ్బు నేలకూ మధ్య పరిచయం నిన్న మొన్నటిది కాదు. నేటి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుండి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల సంతతివారు నేటికీ బార్కస్‌లో నివసిస్తున్నారు. సైనికుల బారకులను బట్టియే ఆ పేటకు ఆ పేరు వచ్చింది. మన రూపాయి కూడా ఒకప్పుడు ఆ తీరాలలో చెల్లిన నాణెమే. 1959లో భారత రిజర్వు బ్యాంకు గల్ఫు ప్రాంతం కొరకు ప్రత్యేకమైన నోట్లను, హజ్ యాత్రికుల కొరకు వేరొక రకం నోట్లను ముద్రించింది.

సౌదీ అరేబియాలో చమురు వాణిజ్య స్థాయిలో బయటపడింది 1938 మార్చిలో, దమ్మాములోని ఏడవ బావిలో. చమురు సంపదతోపాటు విద్యాసంస్థలూ పెరిగాయి. 1957లో రియాద్‌లో విశ్వవిద్యాలయం వెలసింది. 1963లో దహ్రాన్‌లో పెట్రోలియం, ఖనిజ శాస్త్రాల కళాశాల, 1967లో జెడ్డాలో మరొక విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. ఆ దశకాలలోనే ఆంగ్ల బోధనకు మన హైదరాబాదు ఒక కేంద్రమయింది. 1958లో ఇక్కడ స్థాపితమైన కేంద్రీయ ఆంగ్ల సంస్థ, 2007లో ఆంగ్లము, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా రూపొందింది. ఒక తీరాన ఉపాధ్యాయుల అవసరం, మరొక తీరాన ఉపాధ్యాయుల తయారీ. ఈ రెండూ కలుసుకొనడంలో వింత లేదు.

అక్కడ ఆంగ్లానికి ఇంత గిరాకీ ఎందుకు? కారణం మనకు బాగా తెలిసినదే. సౌదీ బాలుడు పన్నెండవ తరగతి వరకు సాధారణంగా అరబ్బీలోనే చదువుతాడు. వైద్యమో, ఇంజనీరింగో చదవాలంటే విశ్వవిద్యాలయంలో పాఠ్యగ్రంథాలు ఆంగ్లంలో ఉంటాయి. ఈ అగాధాన్ని దాటించడానికి అనేక విశ్వవిద్యాలయాలు ప్రవేశ సంవత్సరంలో గంటల కొద్దీ ఆంగ్లం నేర్పుతాయి. విదేశీ ఉపాధ్యాయులలో చాలామందికి పని దొరికేది ఇక్కడే. 2021 నుండి ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటవ తరగతి నుండే ఆంగ్లం ప్రవేశపెట్టారు. పదవ తరగతి వరకు తెలుగులోనో ఉర్దూలోనో చదివి, ఆ మీదట ఇంగ్లీషు మాధ్యమంలో అడుగుపెట్టి మొదటి ఆరు నెలలు బిక్కమొహం వేసిన మన విద్యార్థికి, ఆ అరబ్బు విద్యార్థి అపరిచితుడు కాడు.

బయలుదేరక ముందే చక్కబెట్టుకోవలసినవి

సర్దుబాటు విమానం దిగిన తరువాత మొదలవుతుందని కొందరి భ్రమ. అది కాగితాల దగ్గరనే మొదలవుతుంది. పట్టాలను మొదట విశ్వవిద్యాలయం, పిదప రాష్ట్ర విద్యాశాఖ, ఆ పిదప విదేశాంగ శాఖ ధ్రువీకరించాలి. దీనికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. ఉద్యోగం ఇప్పించే మధ్యవర్తికి ప్రభుత్వ నమోదు ఉన్నదో లేదో విచారించాలి. 1983 నాటి వలస చట్టం కింద వచ్చిన నియమాలు, మధ్యవర్తి తీసుకోదగిన రుసుమును 30,000 రూపాయలకు, దానిపై పన్నుకు పరిమితం చేశాయి. లక్షలు అడిగేవాడు ఉద్యోగం అమ్ముతున్నాడని అర్థం. అప్పు చేసి ఆ లక్షలు కట్టినవాడు, చేరిన చోట అన్యాయం జరిగినా తిరిగి రాలేని స్థితిలో పడతాడు. తొలి ఏడాది కష్టాలలో పెద్దది ఎండ కాదు, ఈ అప్పు.

పేరు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని తిప్పలు పెట్టగలదు. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి ముందుంచుకొనడం తెలుగువారి అలవాటు. అరబ్బుల పేరులో తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, వంశనామం వరుసగా వస్తాయి. అక్కడి కార్యాలయాల దరఖాస్తులు ఈ పద్ధతిని అనుసరించే తయారవుతాయి. పాస్‌పోర్టులో ఒక తీరుగా, పట్టాలో ఒక తీరుగా పేరున్నవాడు ప్రతి గుమ్మం దగ్గరా సంజాయిషీ చెప్పుకోవాలి. కావున పొడి అక్షరాలను ఇక్కడ ఉన్నప్పుడే విడదీసి, అన్ని కాగితాలలో ఒకే విధంగా రాయించుకొనడం మేలు.

ఒప్పందాన్ని అక్షరం అక్షరం చదవాలి. అది రెండు భాషలలో ఉండి, రెంటికీ తేడా వస్తే అరబ్బీ పాఠమే చెల్లుతుందని అక్కడి కార్మిక చట్టం చెబుతున్నది. అందుచేత సంతకానికి ముందు అరబ్బీ తెలిసినవారిచేత చదివించుకోవాలి. వారానికి ఎన్ని గంటల బోధన, ఇల్లు వారిదా మనదా, సెలవుల జీతం ఎంత, పరీక్షాకాలంలో తొలగిస్తే తిరుగు ప్రయాణపు ఖర్చు ఎవరిది అన్నవి ముఖ్యం. పాస్‌పోర్టును తన వద్దనే ఉంచుకొనే హక్కు ఉద్యోగికి ఉన్నది. ప్రైవేటు రంగంలో యజమాని మారే సౌకర్యాన్ని 2021 మార్చిలో వచ్చిన సంస్కరణ కొంతమేరకు సులభం చేసింది.

జీతం లెక్క కూడా ఇక్కడే వేసుకోవాలి. వ్యక్తుల జీతంపై అక్కడ ఆదాయపు పన్ను లేదు. ఈ మాట అందరూ చెబుతారు. చెప్పనివి మరికొన్ని ఉన్నాయి. 2018లో 5 శాతంగా ప్రారంభమైన అమ్మకపు పన్ను 2020 జులైలో 15 శాతానికి పెరిగింది. ప్రైవేటు రంగంలోని విదేశీయులు తమతో ఉంచుకొన్న కుటుంబ సభ్యులకు తలకు నెలకు 100 రియాళ్ళ చొప్పున 2017 జులై నుండి రుసుము విధించారు. ఏటేటా పెరిగి 2020 నాటికి అది 400 రియాళ్ళయింది. ఆ లెక్కన భార్య, ఇద్దరు పిల్లలతో ఉండేవానికి నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్ళు. ఈ లెక్క తెలియక కుటుంబాన్ని తీసుకొనిపోయి, ఏడాది తిరగకుండా వెనుకకు పంపినవారు కలరు. ఇట్టి రేట్లు మారుతుంటాయి గనుక, వెళ్ళే నాటికి అమలులో ఉన్నవాటిని విచారించుకొనడం అవసరం.

మూట సర్దేటప్పుడు ఒక హెచ్చరిక. మన మసాలాలో వాడే గసగసాలు సౌదీ అరేబియాలో నిషిద్ధ వస్తువు. మత్తుమందు మొక్క గింజలు కావడమే కారణం. అమ్మ ప్రేమతో కట్టి ఇచ్చిన పొట్లమైనా విమానాశ్రయంలో నేరమే అవుతుంది. మందులు తీసుకొనిపోయేవారు వైద్యుని చీటీని వెంట ఉంచుకోవాలి.

తొలి వారాలు: కాలము, అంకెలు, మాటలు

చేరిన కొద్ది రోజుల వరకు మనిషి శరీరం అక్కడ ఉన్నా గడియారం ఇక్కడే తిరుగుతుంది. హైదరాబాదులో పదిన్నర అయినప్పుడు రియాద్‌లో ఉదయం ఎనిమిది. వారం కూడా మారిపోతుంది. ఆదివారం సెలవు కాదు, పని మొదలయ్యే రోజు. శుక్ర, శనివారాలు సెలవు. 2013కు ముందు గురు, శుక్రవారాలు సెలవులుగా ఉండేవి. హిజ్రీ సంవత్సరం సుమారు పదకొండు రోజులు చిన్నది కావడంచేత రంజాన్ ఏటా ముందుకు జరుగుతూ, కొన్నేళ్ళకు చదువుల నడుమకు, కొన్నేళ్ళకు సెలవులలోకి వస్తుంది. ఆ మాసంలో పని గంటలూ, తరగతుల వేళలూ మారతాయి. ఉపవాసం లేనివారు పగటిపూట నలుగురిలో తినడం, త్రాగడం మానుకోవాలి. నమాజు వేళ దుకాణాలు మూసివేయడం ఒకప్పుడు తప్పనిసరి. 2021 నుండి తెరచి ఉంచే వీలు కలిగింది. ముస్లిమేతరులు తమ ఆరాధనను ఇంటి వరకే పరిమితం చేసుకోవలసి ఉంటుంది.

అంకెల సంగతి ఇంకొకటి. అరబ్బీలో ఐదును గుండ్రంగా, అచ్చం మన సున్న వలె రాస్తారు. సున్నకు చుక్క పెడతారు. ఆరు మన కంటికి ఏడు అంకెను తలపిస్తుంది. ధరల పట్టీ ముందు నిలబడిన తెలుగువాడు యాభై రియాళ్ళను గుర్తించలేక తికమకపడతాడు. ఉర్దూ చదివినవానికి ఈ చిక్కు లేదు.

అయితే ఉర్దూ చదివినవానికి వేరొక చిక్కు కాచుకొని ఉంటుంది. లిపి తెలుసు, మాటలు పరిచితం, కాబట్టి భాష కూడా తెలిసినట్లే అనిపిస్తుంది. ఉర్దూలో తఖ్రీర్ అంటే ఉపన్యాసం. అరబ్బీలో అదే మాటకు నివేదిక అని అర్థం. తఖ్రీర్ సిద్ధం చేయమని విభాగాధిపతి కోరితే, ఉపన్యాసం తయారుచేసుకొని వెళ్ళినవాడు నవ్వులపాలవుతాడు. రఖమ్ అంటే మనకు సొమ్ము, వారికి సంఖ్య. ఫోను నంబరు అడిగినవానికి జేబులోని పర్సు చూపనవసరం లేదు. మహల్ అంటే మనకు రాజప్రాసాదం, వారికి వీథిలోని దుకాణం. అన్నిటికన్న అర్థవంతమైనది గరీబ్ అన్న మాట. మనకు గరీబ్ అంటే బీదవాడు. అరబ్బీలో కొత్తవాడు, పరాయివాడు. పరాయి ఊరిలో మనిషి బీదవాని వలె బ్రతుకుతాడన్న సత్యాన్ని, ఆ మాట మన దాకా చేసిన ప్రయాణమే చెబుతున్నట్లుంటుంది.

తెలుగువారికి కూడా అరబ్బీ పూర్తిగా పరాయిది కాదు. జవాబు, హాజరు, తారీఖు, వకీలు, హక్కు, కుర్చీ, ఇవన్నీ ఆ భాష నుండి పార్శీ, ఉర్దూల మీదుగా మనకు చేరినవే. తరగతిలో పేర్లు పిలిచినప్పుడు అక్కడి విద్యార్థి "హాదిర్" అంటాడు. ఉర్దూలో అది హాజిర్, తెలుగులో హాజరు. ఒకే మాట మూడు గొంతులలో పలకడం విన్ననాడు కొత్త గదిలో కొంత బెరుకు తగ్గుతుంది. ఉపాధ్యాయుణ్ణి వారు "ఉస్తాజ్" అని గౌరవంగా పిలుస్తారు. మన ఉస్తాద్ అదే.

మర్యాదలు చూచి నేర్చుకోదగినవి. పని మాట ఎత్తక ముందు క్షేమసమాచారాలు అడగాలి. తిన్నగా విషయంలోకి దిగడం మోటుతనంగా తోస్తుంది. ఎదుటివానికి అరికాలు కనబడేలా కూర్చోరాదు. కుడిచేతితో ఇచ్చిపుచ్చుకొనడం మనకూ ఉన్నదే. చిన్న గిన్నెలో ఏలకుల పరిమళంతో ఇచ్చే ఖహ్వాను త్రాగి, గిన్నెను అటూ ఇటూ కొద్దిగా కదిపి తిరిగి ఇవ్వాలి. చాలునని దాని భావం. కదపకుండా చాపితే మళ్ళీ నింపుతూనే ఉంటారు.

తరగతి గదిలో

ఇక అసలు కార్యక్షేత్రానికి వద్దాం. అరబ్బు విద్యార్థి ఆంగ్లంలో చేసే తప్పులు చాలావరకు అజ్ఞానం వల్ల కాదు, అతని మాతృభాష వల్ల వస్తాయి. అరబ్బీలో "ప" ధ్వని లేదు. అందుచేత పార్కింగ్ కాస్తా బార్కింగ్ అవుతుంది. వాహనం నిలుపు చోటు కుక్క మొరిగే చోటుగా మారుతుంది. పెప్సీ పేరును అక్కడ సీసాల మీదనే "బీబ్సీ" అని రాస్తారు. "వ" ధ్వని తరచు "ఫ" అవుతుంది. పదం మొదట రెండు మూడు హల్లులు కలిసి వస్తే పలకడం కష్టం కనుక స్ప్రింగ్‌కు ముందొక "ఇ" చేరుతుంది. దీనికి నవ్వబోయే ముందు మన పల్లెలలో వినిపించే ఇస్కూలు, ఇస్టేషను మాటలను జ్ఞప్తికి తెచ్చుకోవాలి. ఉర్దూ మాట్లాడేవారి నోట కూడా ఇస్కూల్ వింతేమీ కాదు.

వ్యాకరణంలో ఇంకా లోతైన సంగతులున్నాయి. అరబ్బీలో "నేను విద్యార్థిని" అనడానికి రెండే మాటలు చాలు, క్రియ అక్కరలేదు. కాబట్టి అక్కడి విద్యార్థి "ఐ స్టూడెంట్" అంటాడు. మధ్యన "యామ్" ఏదని గద్దించే ఉపాధ్యాయుడు, తెలుగులో కూడా "ఇది పుస్తకం", "నేను విద్యార్థిని" అన్న వాక్యాలలో క్రియ లేదన్న సంగతి గమనిస్తే కోపం చల్లారుతుంది. ఉర్దూలో "హై", "హూఁ" ఉన్నాయి గనుక ఉర్దూ విద్యార్థి ఈ తప్పు తక్కువగా చేస్తాడు. ఇక "ది" అన్న ఉపపదం తెలుగులోనూ లేదు, ఉర్దూలోనూ లేదు. మనం దాన్ని ఉండవలసిన చోట వదిలేస్తాం. అరబ్బీలో "అల్" ఉన్నది; జీవితం, ప్రేమ వంటి భావాలకు కూడా చేరుతుంది. కనుక వారు "ది లైఫ్ ఈజ్ హార్డ్" అని అక్కరలేని చోట చేరుస్తారు. "నేను దానిని చదివిన పుస్తకం" అన్న తీరున వాక్యంలో ఒక సర్వనామం అదనంగా రావడం కూడా అరబ్బీ పద్ధతియే.

వ్రాతలో మరొక అడ్డంకి. అరబ్బీ కుడి నుండి ఎడమకు సాగుతుంది. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న భేదం లేదు. అంతకన్న ముఖ్యం, హ్రస్వ అచ్చులను సాధారణంగా వ్రాయరు. హల్లులను చూచి, సందర్భాన్ని బట్టి, పాఠకుడే వాటిని నింపుకొంటాడు. ఆ అలవాటుతో ఆంగ్లం చదివినప్పుడు అచ్చులు జారిపోతాయి. గుణింతం లేనిదే అక్షరం లేని తెలుగువానికి ఈ ఇబ్బంది ఊహకు అందదు. ఉర్దూ చదివినవానికి ఇది చిన్ననాటి అనుభవమే. జేర్, జబర్, పేష్ గుర్తులు లేని వాక్యాన్ని అతడు రోజూ చదువుతున్నాడు.

దీన్ని కొంచెం నిదానించి ఆలోచించాలి. క్రియ లేని వాక్యం ఎందుకు వస్తుందో తెలుగు చెబుతుంది. అచ్చు ఎందుకు జారిపోతుందో ఉర్దూ చెబుతుంది. ఈ కళాశాల ప్రాంగణంలో వినిపించే రెండు భాషలూ కలిసి, ఆ దూరదేశపు విద్యార్థి మనసు గదికి రెండు తాళపు చెవులు. పుట్టుకతో ఆంగ్లం వచ్చినవానికి ఈ తాళపు చెవులు లేవు. అతనికి ఏది ఒప్పో తెలుసు. తప్పు ఎక్కడ నుండి వచ్చిందో తెలియాలంటే మరల మొదటి నుండి నేర్చుకోవాలి.

అక్కడి విద్యార్థులు గురువును ఆదరిస్తారు, చనువుగా మాట్లాడతారు, వ్రాత కన్న మాటలో చురుకుగా ఉంటారు. హాజరు తక్కువైనవారికి పరీక్ష నిరాకరించే నియమం ఉంటుంది. పేరు ఆ జాబితాలోకి ఎక్కినప్పుడు బ్రతిమాలడం మొదలవుతుంది. కొత్త ఉపాధ్యాయుడు ఒకనికి సడలిస్తే వారంలో నలభైమంది వస్తారు. నియమాన్ని మొదటి రోజుననే స్పష్టంగా చెప్పి, చివరి రోజు వరకు అందరికీ ఒకే తీరున అమలు జరిపేవానికే గౌరవం మిగులుతుంది. బాలురకు, బాలికలకు తరగతులు చాలావరకు వేరువేరు కావడం వలన స్త్రీ విభాగాలలో అధ్యాపికల అవసరం ఎక్కువ. 2018 జూన్ నుండి స్త్రీలు వాహనం నడిపే హక్కు పొందడంతో వారి రాకపోకలు కూడా సుకరమయ్యాయి. మన విద్యార్థినులు ఈ సంగతి గమనింతురు గాక.

మన ఆంగ్లం, వారి తూకం

ఇప్పుడు కొంచెం చేదు మాట. కొన్ని సంస్థలలో జీతాల పట్టిక పట్టాలను బట్టి గాక పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. అమెరికా, బ్రిటను దేశాల నుండి వచ్చినవానికి ఒక జీతం. అదే అర్హత, అంతకు మించిన అనుభవం ఉన్న భారతీయునికి మరొకటి. మొదటి నెలలో ఈ సంగతి తెలిసినప్పుడు కలిగే బాధ చిన్నది కాదు.

ఈ అన్యాయాన్ని భాషాశాస్త్రజ్ఞులు ఎన్నడో ప్రశ్నించారు. శ్రీనగర్‌లో జన్మించిన బ్రజ్ కచ్రూ, ఆంగ్లం ఒక్క దేశపు సొత్తు కాదనీ, భారతదేశం వంటి చోట్ల అది వేళ్ళూని తన రూపం తాను పొందిందనీ 1980 దశకంలో ప్రతిపాదించాడు. మాతృభాషగా మాట్లాడేవాడే ఉత్తమ గురువన్న నమ్మకాన్ని 1992లో రాబర్ట్ ఫిలిప్సన్ ఒక భ్రమగా తేల్చాడు. హంగరీ దేశస్థుడైన పీటర్ మెజెష్, పరభాషగా ఆంగ్లం నేర్చిన గురువుకు విద్యార్థి కష్టాన్ని ముందుగా పసిగట్టే శక్తి ఉంటుందనీ, తానే ఒక నేర్చుకొన్నవాని నమూనాగా నిలుస్తాడనీ 1994 నాటి గ్రంథంలో వివరించాడు.

అయితే శాస్త్రజ్ఞుల మద్దతు మన లోపాలను కప్పిపుచ్చుకొనడానికి కాదు. ప్రీపోన్, అవుటాఫ్ స్టేషన్, డూ ది నీడ్‌ఫుల్ వంటి పలుకుబడులు మన దేశంలో చెల్లుతాయి. అక్కడి పరీక్షలో విద్యార్థి రాస్తే తప్పుగా లెక్కించవచ్చు. లక్ష, కోటి అంటే ఎవరికీ అర్థం కాదు. వంద వేలు, పది మిలియన్లు అనాలి. మన ట, డ లు నాలుకను వెనుకకు మడిచి పలికేవి. ఆంగ్లంలో అంత మడత లేదు. వేగం తగ్గించి, పదంలో ఊనిక పడే చోటును గమనించి పలకడం అభ్యాసంతో వస్తుంది. ఇతర దేశస్థుని గొంతును అనుకరించబోవడం మాత్రం వృథా. యాస ఉండవచ్చు, అస్పష్టత ఉండరాదు.

ఒంటరితనమనే ఋతువు

కాగితాలు కుదిరి, తరగతి చక్కబడిన పిమ్మట ఒక రోజు కారణం తెలియని దిగులు కమ్ముకొంటుంది. దీనికి శాస్త్రంలో పేరున్నది. కాలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1954లో రియో డి జనీరోలో చేసిన ప్రసంగంలో దీనిని సంస్కృతి తాకిడిగా వివరించాడు. పరిచితమైన చిన్నచిన్న గుర్తులన్నీ ఒక్కసారిగా తొలగిపోవడమే దీనికి మూలమని అతని భావం. ఎప్పుడు నవ్వాలి, ఎప్పుడు కరచాలనం చేయాలి, ఎవరి మాట నిజంగా తీసుకోవాలి అన్న సంగతులు ఇంటి దగ్గర ఆలోచించకుండానే తెలుస్తాయి. అక్కడ ప్రతిదీ ఆలోచించవలసినదే. ఆ అలసటే దిగులవుతుంది.

1955లో స్వెర్రె లిస్‌గార్డ్, అమెరికాలో ఉండి వచ్చిన సుమారు రెండు వందలమంది నార్వే దేశస్థులను ప్రశ్నించి, ఆరు నెలలలోపు ఉన్నవారూ, పద్దెనిమిది నెలలు దాటినవారూ కుదురుగా ఉండగా, నడుమనున్నవారే ఎక్కువ ఇబ్బంది పడ్డారని తెలిపాడు. 1998లో న్యూజీలాండ్‌లోని జపాను విద్యార్థులపై కొలీన్ వార్డ్ బృందం చేసిన పరిశీలనలో మాత్రం, అడుగుపెట్టిన తొలి దినాలలోనే బాధ అత్యధికమని తేలింది. కాబట్టి అందరికీ ఒకే పంచాంగం లేదు. కాని ఒకటి నిశ్చయం. ఇది వచ్చిపోయే ఋతువే గాని స్థిరమైన వ్యాధి కాదు. ఆ ఋతువులో ఉద్యోగం వదిలివేయాలన్న నిర్ణయం తొందరపడి చేయరాదు. నిద్ర, ఆకలి పోయి, వారాల తరబడి తేరుకోలేనప్పుడు మాత్రం వైద్యుని వద్దకు వెళ్ళడానికి సిగ్గుపడరాదు.

మనవారిని వెతుక్కొని వారితోనే కాలం గడపడం సహజం. రియాద్‌లోని బత్‌హా బజారులో సెలవు సాయంత్రం తెలుగు, ఉర్దూ, మలయాళం మాటలు కలగలిసి వినిపిస్తాయి. అక్కడ కనబడే మనవారిలో ఎక్కువమంది ఉపాధ్యాయులు కారు. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుండి వెళ్ళిన శ్రమజీవులు. అనేకులకు ఒక దరఖాస్తు రాసిపెట్టేవారు ఉండరు. రెండు భాషలు వచ్చిన ఉపాధ్యాయుడు వారానికొక గంట వారికొరకు కేటాయిస్తే, వారికి ఉపకారమూ, తనకు ఊరటా కలుగుతాయి. జీతం బకాయిలు, ఇతర చిక్కులు ఉన్నవారు భారత రాయబార కార్యాలయానికి గాని, 2015లో విదేశాంగ శాఖ ప్రారంభించిన మదద్ ఫిర్యాదు విధానం ద్వారా గాని తెలుపుకోవచ్చునన్న సమాచారం చెప్పినా చాలు. అయితే మనవారితోనే ఉండిపోయి, స్థానిక సహోద్యోగి ఇంటికి ఒక్కసారైనా వెళ్ళనివాడు పదేళ్ళున్నా గరీబ్‌గానే మిగిలిపోతాడు.

ఇక్కడి నుండే ప్రారంభం

"ఇంట గెలిచి రచ్చ గెలవ"మన్నారు. పైన చెప్పిన సిద్ధతలో ఎక్కువ భాగం ఈ ప్రాంగణంలోనే జరగగలదు. మన కళాశాలలో ఉర్దూ విద్యార్థులు ఒక మూల, తెలుగు విద్యార్థులు ఒక మూల కూర్చొనడం అందరమూ చూస్తున్నదే. నాలుగడుగుల దూరంలో ఉన్న సహపాఠి లిపిని మూడేళ్ళలో ఒక్క అక్షరం నేర్చుకోనివాడు, వేల మైళ్ళ దూరంలోని విద్యార్థి మనసును ఏవిధంగా అర్థం చేసుకొంటాడు? ఉర్దూ మిత్రుడు తెలుగు మిత్రునికి అలిఫ్, బే నేర్పాలి. తెలుగు మిత్రుడు ఉర్దూ మిత్రునికి గుణింతం నేర్పాలి. సాయంత్రం అరగంట చాలు. నేర్చుకొనేవాని తడబాటు ఎలా ఉంటుందో, నేర్పేవానికి ఎంత ఓర్పు కావాలో, ఇద్దరికీ ఇక్కడనే అనుభవంలోకి వస్తుంది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఆంగ్ల విభాగపు చివరి సంవత్సరం విద్యార్థుల కొరకు వ్యావహారిక అరబ్బీలో ఒక చిన్న పాఠక్రమాన్ని, వారానికి రెండు గంటల చొప్పున, ఏర్పాటు చేయగలిగితే ఎంతో మేలు కలుగుతుంది. బోధించడానికి ఉర్దూ, అరబ్బీ తెలిసిన అధ్యాపకులు మన వద్దనే ఉన్నారు. ఖర్చు స్వల్పం. ఒప్పందం చదువుకొనడం, ధ్రువీకరణ పద్ధతి, నమోదైన మధ్యవర్తిని గుర్తించడం అన్న మూడు విషయాలపై ఏడాదికొక ఉపన్యాసం ఏర్పాటు చేస్తే, అప్పుల పాలు కాకుండా కొన్ని కుటుంబాలైనా నిలబడతాయి. ఈ సంవత్సరం చదువు ముగించి వెళ్ళే విద్యార్థులకే ఆ మొదటి తరగతి అందుతుందని ఆశిస్తున్నాను.